వెంబ్లీ: శుక్రవారమా, శనివారమా?

లండన్‌లోని వెంబ్లీ స్టేడియంలో బ్రిటిష్ రాక్ బృందం క్వీన్ వరసగా రెండు రాత్రులు పాడి ఈ జూలైకి నలభై ఏళ్లు. 1986 జూలై 11 శుక్రవారం, 12 శనివారం. ఒక్కో రాత్రికి డెబ్భై రెండు వేల మంది. జంట గోపురాల ఆ పాత స్టేడియం ఇప్పుడు లేదు. దాన్ని కూల్చేసి, అదే చోట కట్టిన కొత్త స్టేడియాన్ని 2007లో తెరిచారు. వేదిక మీద పాడిన ఫ్రెడీ మెర్క్యురీ 1991 నవంబర్ 24న ఎయిడ్స్ తెచ్చిన న్యుమోనియాతో కన్నుమూశారు. బేస్ గిటార్ వాయించిన జాన్ డీకన్ తొంభైల చివర్లోనే సంగీతాన్ని వదిలి ఇంటి పట్టున ఉండిపోయారు. ఈ సెప్టెంబర్ 5 దాకా ఉండి ఉంటే మెర్క్యురీకి ఎనభై ఏళ్లు నిండేవి. ఆ రాత్రుల నుంచి మనకు మిగిలినవి రెండు: వీడియో, దాన్ని చూసి ఇప్పటికీ వాదించుకుంటున్న అభిమానులు.

ఆ వాదన నలభై ఏళ్లుగా ఆగలేదు. శుక్రవారం గొప్పదా, శనివారం గొప్పదా? వెంబ్లీ మేలా, అంతకు ఐదేళ్ల ముందు మాంట్రియల్‌లో తీసిన సినిమా మేలా, వెంబ్లీ తర్వాత రెండు వారాలకు బుడాపెస్ట్‌లో తీసినది మేలా? ఆ రాత్రి మెర్క్యురీ గొంతు బాగుందా, అలసిపోయి ఉందా? బయటివాళ్లకు ఇదంతా పనిలేనివాళ్ల పంచాయితీగా కనిపించవచ్చు. మేం అలా అనుకోవడం లేదు. క్వీన్ గురించి ఆ రోజుల్లో వృత్తి విమర్శకులు రాసినదాంట్లో చాలా భాగాన్ని ఇవాళ పట్టించుకునేవారు లేరు. ఆ కచేరీ వీడియోల మంచిచెడ్డల గురించి ఇవాళ నిలబడిన మాటల్లో ఎక్కువ భాగం, ఒకే టేపును మళ్లీ మళ్లీ తిప్పి చూసిన మామూలు శ్రోతలు తేల్చినవే. ఈ సందర్భంలో ఆ శ్రోతలకు దక్కాల్సిన గౌరవం దక్కాలన్నది మా కోరిక.

మెర్క్యురీ అసలు పేరు ఫరోఖ్ బల్సారా. పార్సీ కుటుంబం. గుజరాత్‌లో ఇప్పుడు వల్సాడ్ అంటున్న బల్సార్ ఊరి పేరే వారి ఇంటిపేరు. తండ్రి బొమీ ఉద్యోగరీత్యా జాంజిబార్ వెళ్లారు. కొడుకు అక్కడే 1946లో పుట్టాడు. ఎనిమిదేళ్ల వయసులో ఆ పిల్లవాణ్ని మహారాష్ట్రలోని పంచగనికి, సెయింట్ పీటర్స్ బోర్డింగు స్కూలుకు పంపారు. అక్కడే పియానో నేర్చాడు. అక్కడే తోటి విద్యార్థులతో కలిసి ‘ద హెక్టిక్స్’ అనే చిన్న బృందం కట్టాడు. 1964లో జాంజిబార్‌లో విప్లవం రావడంతో కుటుంబం ఇంగ్లండ్ చేరింది. వెంబ్లీలో డెబ్భై రెండు వేల మందిని ఆడించిన ఆ పియానో వేళ్లకు మొదటి పాఠాలు పశ్చిమ కనుమల్లో పడ్డాయన్న సంగతి మనవాళ్లలో చాలామందికి 2018లో ‘బొహీమియన్ రాప్సొడీ’ సినిమా వచ్చాకే తెలిసింది.

ఇక వీడియో సంగతి. తీసింది గావిన్ టేలర్. ఇంగ్లండ్ ఉత్తరాన టైన్ టీస్ టెలివిజన్‌లో సంగీత కార్యక్రమాలు చేసిన దర్శకుడు. 1983లో అమెరికాలోని రెడ్ రాక్స్ కొండల మధ్య, వానలో, యూటూ బృందం కచేరీ తీసింది కూడా ఆయనే. వెంబ్లీలో అసలు చిత్రీకరణ శనివారం జరిగింది. శుక్రవారం నాటిది దానికి సన్నాహంగా తీసి ఉంచారు. అదే ఏడాది అక్టోబర్‌లో బ్రిటన్‌లోని చానల్ ఫోర్ శనివారం కచేరీలో కొంత భాగం ప్రసారం చేసింది. వీహెచ్ఎస్ క్యాసెట్‌గా 1990 చివర్లో వచ్చింది, అదీ చాలా పాటలు కోసేసి. పూర్తి శనివారం కచేరీ డీవీడీగా చేతికందింది 2003లో. శుక్రవారం మొత్తం బయటికి వచ్చింది 2011లో, పాతికేళ్ల సందర్భంగా. అంటే ఒక అభిమాని రెండు రాత్రులనూ పక్కపక్కన పెట్టుకుని చూడటానికి పాతికేళ్లు ఎదురుచూడాల్సి వచ్చింది. ఈ వాదనలో ఇంత వేడి ఎందుకో ఈ ఆలస్యమే చెబుతుంది.

శుక్రవారం వాన పడింది. వేదిక ముందు జనం తడిసి ముద్దయి ఉన్నారు. కెమెరాలు ఇంకా తమ చోట్లు వెతుక్కుంటున్నాయి, కొన్ని షాట్లు తడబడతాయి. అయితే ఆ రాత్రి బృందం మీద కెమెరా బరువు లేదు. రికార్డు అయ్యేది రేపటిదన్న ధీమాతో నలుగురూ కాస్త వదులుగా, కాస్త తెగించి వాయించారని శుక్రవారం పక్షంవారి వాదన. శనివారం పొడిగా ఉంది. చప్పట్లన్నీ వేళకు పడతాయి, కెమెరాకు ఎక్కడ ఏం దొరుకుతుందో తెలుసు, మెర్క్యురీకి కెమెరా ఎక్కడుందో తెలుసు. ఆ పసుపుపచ్చ సైనికుల కోటు, ఎర్ర చార ఉన్న తెల్ల ప్యాంటు మన కళ్లలో నిలిచిపోయింది శనివారం బొమ్మల నుంచే. ఆ కోటునూ, చివర్లో వేసుకునే రాజు అంగీనీ కిరీటాన్నీ రూపొందించింది డయానా మోస్లీ.

రెండు రాత్రులూ చూసినవారిగా మా తీర్పు చెబుతాం. కచేరీగా శుక్రవారం ఎక్కువ ప్రాణంతో ఉంది. వీడియోగా శనివారమే నిలుస్తుంది. మనకు చేరింది వీడియో కాబట్టి శనివారమే పైచేయి. కానీ శుక్రవారం చూడనివారికి శనివారంలో ఎంత పనితనం ఉందో సగమే తెలుస్తుంది. మొదటి రాత్రి జనం ఎక్కడ వెనకబడ్డారో, పాట ఎక్కడ సాగిపోయిందో గమనించి మర్నాడు సర్దుకున్న చోట్లు స్పష్టంగా కనిపిస్తాయి. ఒక రాత్రిలో ఒక కళాకారుడు తన పనిని ఎలా దిద్దుకుంటాడో చూపించే ఇలాంటి జంట రికార్డులు రాక్ సంగీతంలో తక్కువ.

గొంతు విషయంలో అభిమానులు ఎవరినీ క్షమించరు, తమ దేవుణ్ని కూడా. స్టూడియోలో పాడిన పై స్వరాలను మెర్క్యురీ స్టేడియంలో చాలాచోట్ల కిందికి దించి పాడేవారు. గొంతులో కాయలు లేచి ఆయనను ఏళ్ల తరబడి ఇబ్బంది పెట్టాయి. పర్యటనలో ఆపకుండా రాత్రి మీద రాత్రి పాడాలంటే గొంతును దాచుకోక తప్పదు. అందుకే ఎత్తయిన స్వరాలు కొన్నిచోట్ల డ్రమ్స్ దగ్గర నుంచి రోజర్ టేలర్ అందుకుంటారు. మొదటిసారి చూసేవారు ఇది పట్టించుకోరు. పదోసారి చూసేవారికి అదే ప్రధానంగా వినిపిస్తుంది. ఇక్కడే రెండు పార్టీలు. స్వరం తగ్గించడాన్ని లోపంగా లెక్కవేసేవారు ఒకవైపు. తగ్గించిన చోట ఆయన కొత్తగా అల్లిన వరసను మెచ్చుకునేవారు ఇంకోవైపు. మేం రెండోవారి పక్షం. పాట తెలిసిన దారిలో పోతుందనుకున్నప్పుడు పక్కకు తిప్పి, మళ్లీ సరిగ్గా వేళకు తెచ్చి కలిపే ఆ నేర్పు గొంతు నిండుగా ఉన్న రోజుల్లో ఆయనకు ఇంతగా అవసరం పడలేదు.

నిండు గొంతు వినాలంటే మాంట్రియల్‌కు వెళ్లాలి. 1981 నవంబర్ 24, 25 తేదీల్లో, ఐస్ హాకీ ఆడే ఫోరమ్ అనే హాల్లో, 35 ఎంఎం ఫిల్మ్ మీద తీశారు. దర్శకుడు సాల్ స్విమ్మర్. మన పాఠకులకు ఆయన పని పరిచయమే: రవిశంకర్, జార్జ్ హారిసన్ కలిసి న్యూయార్క్‌లో చేసిన బంగ్లాదేశ్ సహాయ కచేరీని 1972లో సినిమాగా ఇచ్చింది ఆయనే. మాంట్రియల్‌లో ఆయనకూ బృందానికీ పొసగలేదు. తమను ఆయన చిత్రీకరించిన తీరు వాళ్లకు నచ్చలేదు. ఆ చిరాకు మెర్క్యురీ ముఖంలో అక్కడక్కడా కనబడుతుంది. సినిమా వచ్చినప్పుడు బృందం దాన్ని సొంతం చేసుకోలేదు. అభిమానులు చేసుకున్నారు. ఆ చిరాకే పాటలోకి పదునుగా దిగిందనీ, జీవితంలో ఆయన అంత బాగా పాడిన రికార్డు ఇంకోటి లేదనీ వాళ్లు ఏళ్ల తరబడి పట్టుబట్టారు. చివరికి 2007లో ఫిల్మ్‌ను శుభ్రం చేసి మళ్లీ విడుదల చేశారు. 2024 జనవరిలో అది ఐమాక్స్ థియేటర్లకు ఎక్కింది. బృందం పక్కన పెట్టినదాన్ని తెర మీదికి తెచ్చి నిలబెట్టినవారు శ్రోతలే. ఈ విషయంలో శ్రోతల చెవి కళాకారుల చెవి కంటే నిక్కచ్చిగా పనిచేసిందని చెప్పడానికి మాకు సంకోచం లేదు.

బుడాపెస్ట్ సంగతి ఇంకో రకం. 1986 జూలై 27న, అప్పటికి కమ్యూనిస్టు పాలనలో ఉన్న హంగరీలో, నేప్‌స్టాడియన్‌లో జరిగిన కచేరీ. ఎనభై వేల మంది వచ్చారంటారు. హంగరీ దర్శకుడు యానోష్ జోంబొయాయి 35 ఎంఎం కెమెరాలతో తీశారు. దేశంలో ఉన్న అలాంటి కెమెరాలన్నీ ఆ రాత్రి స్టేడియంలోనే ఉన్నాయని ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ సినిమాలో ఒక చిన్న ఘట్టం ఉంది. బృందం గిటారిస్టు బ్రయన్ మే గిటార్ పట్టుకుని పక్కన కూర్చుంటారు. మెర్క్యురీ ఒక హంగరీ జానపద గీతం అందుకుంటారు, వసంతపు గాలి గురించి. భాష రాదు. పదాలు అరచేతిలో రాసుకున్నారు. ఒక్కో పాదానికీ ముందు ఆ చేతిని ముఖం దగ్గరికి తెచ్చుకుని చూసుకుంటారు, దాచే ప్రయత్నం చేయరు. మొదటి మాట నోట్లోంచి రాగానే స్టేడియం అంతా అరుస్తుంది, మరుక్షణం ఆయనతో కలిసి పాడుతుంది. తమ పల్లెపాట ఒక పడమటి దేశపు రాక్ గాయకుడి నోట, అన్ని వేలమంది మధ్య వినడం ఆ ఇనుప తెర వెనక ఉన్నవారికి ఎలాంటి అనుభవమో ఆ కేకే చెబుతుంది.

ఇంత మంచి ఘట్టం ఉన్నా బుడాపెస్ట్ సినిమా మీద అభిమానుల ఫిర్యాదు బలంగానే ఉంది, న్యాయంగానూ ఉంది. పాటల మధ్యలో డాన్యూబ్ నది మీద పడవ ప్రయాణం, ఊళ్లో తిరగడం లాంటి దృశ్యాలు అతికించారు. కచేరీ వేడెక్కిన ప్రతిసారీ మనల్ని బయటికి లాక్కుపోతారు. పైగా పాటలు ఎత్తేశారు. 2012లో మళ్లీ విడుదల చేసినప్పుడు సీడీల్లో వినిపించే కొన్ని పాటలు సినిమాలో కనిపించవు. ఆ స్టేడియాన్ని కూడా కూల్చేసి, 2019లో కొత్తది తెరిచారు; ఇక మిగిలింది ఫిల్మే. హక్కులున్నవారి చేతిలో ఆ రాత్రి ఫిల్మ్ ఎంత మిగిలి ఉంటే అంతా, కోతలు లేకుండా, పడవలూ షికార్లూ పక్కన పెట్టి బయటికి తేవాలి.

మళ్లీ వెంబ్లీకి వద్దాం. ఎనభైల స్టేడియం కచేరీని అర్థం చేసుకోవడానికి ఆ వీడియోలో జనాన్ని చూడటం అన్నిటికంటే ముఖ్యం. పాట మధ్యలో ఆపి, మెర్క్యురీ ఒక చిన్న స్వరం విసురుతారు. జనం తిరిగి విసురుతారు. ఇంకొంచెం పొడుగ్గా. ఇంకొంచెం మెలిక తిప్పి. హరిదాసు కథ మధ్యలో చిడతలు ఆపి సభ చేత గోవింద కొట్టించినప్పుడు వెనక వరసలో కునుకు తీస్తున్నవాడు కూడా సర్దుకుని కూర్చుంటాడు చూడండి, ఆ విద్యే ఇది. తేడా పరిమాణంలో ఉంది. చివర్లో ఎవరూ అందుకోలేనంత చిక్కు గమకం ఒకటి వేసి, జనం తడబడితే ఆయన నవ్వుతారు. ఆ నవ్వులో వెక్కిరింపు లేదు. పందెంలో గెలిచిన పిల్లవాడి సంతోషం ఉంది. కెమెరా ఆ క్షణంలో ఆయన ముఖాన్ని వదిలి జనం మీదికి పోయి ఉంటే ఆ సంతోషం మనకు దక్కేది కాదు. దర్శకుడు గావిన్ టేలర్ వదల్లేదు.

మెర్క్యురీ చేతిలోని మైకు స్టాండు సంగతి ప్రతి అభిమానికీ తెలిసిందే. కింది భాగం ఉండదు, పై కడ్డీ మాత్రమే. తొలి రోజుల్లో ఒకసారి విరిగిపోతే అదే సౌకర్యంగా ఉందని అలాగే ఉంచేసుకున్నారని చెబుతారు. వెంబ్లీలో దాన్ని ఒకసారి గిటార్ లాగా వాయిస్తారు, ఒకసారి రాజదండంలా పట్టుకుంటారు, ఒకసారి ఆనించుకుని ఊపిరి తీసుకుంటారు. రెండు గంటలు పరుగెత్తుతున్న మనిషికి ఊపిరి ఎక్కడ దొరుకుతోందో చూడాలంటే ఆ కడ్డీని గమనిస్తే చాలు. ‘లవ్ ఆఫ్ మై లైఫ్’ దగ్గర ఆయన దాదాపు పాడరు. జనమే పాడతారు. బ్రయన్ మే గిటార్ ఒక్కటే కింద నడుస్తుంది. ఊపిరి తీసుకునే చోటును కూడా కచేరీలో అందరికీ గుర్తుండే చోటుగా మార్చేసుకున్నారు.

‘బొహీమియన్ రాప్సొడీ’లో మధ్యన వచ్చే ఒపెరా భాగం మీద కూడా పాత తగాదా ఉంది. అన్ని గొంతులు నలుగురు కలిసి వేదిక మీద పలికించలేరు. అందుకని ఆ భాగానికి స్టూడియో టేపు వేసి, నలుగురూ వేదిక దిగి వెళ్లిపోతారు. దీపాలు మాత్రం ఆడుతుంటాయి. రాక్ భాగం మొదలయ్యేసరికి పొగ మధ్యలోంచి మళ్లీ వస్తారు. డబ్బులిచ్చి వచ్చినవారికి టేపు వినిపిస్తారా అని కోప్పడ్డవారున్నారు. మాకు మాత్రం అందులో నిజాయితీ కనిపిస్తుంది. పాడలేని చోట పెదాలు ఆడిస్తూ నిలబడలేదు. చోటు ఖాళీ చేశారు. ఇంకో మాట. ఆ ఏడాది పర్యటన అంతటా అయిదో మనిషి ఒకరు ఉన్నారు, స్పైక్ ఎడ్నీ, కీబోర్డు, గిటార్ వాయించేవారు. వీడియోలో ఆయన కనిపించేది బహు తక్కువ. నలుగురి బొమ్మను కాపాడాలని కెమెరా ఆయనను తప్పించుకు తిరిగింది. అది అన్యాయమని మొదట గట్టిగా అన్నవారు కూడా అభిమానులే.

ఆనాటి పత్రికలు క్వీన్‌ను వేరే కళ్లతో చూశాయి. 1979లోనే రోలింగ్ స్టోన్ పత్రిక సమీక్షకుడు ఆ బృందాన్ని ఫాసిస్టు లక్షణాలున్న బృందంగా వర్ణించారు. ‘రేడియో గా గా’ పాటకు వేలమంది ఒకేసారి చేతులెత్తి చప్పట్లు కొట్టే దృశ్యం చూసి కొందరికి నాజీ సభలు గుర్తొచ్చాయి. ఈ విమర్శను కొట్టిపారేయకూడదు; జనం ఒక్కటైనప్పుడు భయపడాల్సిన సందర్భాలు ఇరవయ్యో శతాబ్దంలో చాలా ఉన్నాయి. అయితే వీడియో చూడండి. ఆ చప్పట్లు నేర్పింది వేదిక మీది నాయకుడు కాదు. 1983 చివర్లో ఆ పాట వీడియో తీసినప్పుడు షెపర్టన్ స్టూడియోకు అభిమానుల సంఘం సభ్యులనే రప్పించి, వారి చేతనే ఆ చప్పట్లు కొట్టించారు. అది టీవీలో చూసిన జనం స్టేడియంలో తమంతట తాము కొట్టడం మొదలుపెట్టారు. 1986 నాటి ముఖాల్లో భయభక్తులు లేవు. పక్కవాడి భుజం ఎక్కినవాళ్లు, మాట మరచి నవ్వేవాళ్లు, చప్పట్లు తప్పిపోయి సర్దుకునేవాళ్లు ఉన్నారు.

అభిమానులు మాట్లాడటానికి ఇష్టపడని అధ్యాయం ఒకటుంది. సంపాదకీయం దాన్ని దాటేయకూడదు. 1984 అక్టోబర్‌లో, జాతివివక్ష పాలన సాగుతున్న దక్షిణాఫ్రికాలో, సన్ సిటీ రిసార్ట్‌లో క్వీన్ కచేరీలు చేసింది. సాంస్కృతిక బహిష్కారాన్ని ఉల్లంఘించినందుకు బ్రిటన్ సంగీతకారుల సంఘం జరిమానా వేసింది. బహిష్కారాన్ని ఉల్లంఘించినవారి ఐక్యరాజ్యసమితి జాబితాకు వారి పేరు ఎక్కింది. అది తప్పు. తాము రాజకీయాలకు దూరమన్న వాదన ఆ తప్పును తగ్గించలేదు. గాంధీజీ రైల్లోంచి తోసివేయబడ్డ నేల గురించి మాట్లాడుతున్నాం కాబట్టి భారతీయ పాఠకుడు ఆ విషయాన్ని తేలిగ్గా తీసుకోలేడు. 1985 జూలై 13న ఇథియోపియా కరవు బాధితుల కోసం జరిగిన లైవ్ ఎయిడ్‌లో క్వీన్ వేదిక ఎక్కినప్పుడు వారి మీద ఆ మచ్చ కూడా ఉంది. ఇరవై ఒక్క నిమిషాలు. అదే వెంబ్లీ. ఆ నిమిషాల వల్లే మరుసటి ఏడాది రెండు రాత్రుల వెంబ్లీ సాధ్యమైంది.

లైవ్ ఎయిడ్ ప్రస్తావన వచ్చింది కాబట్టి టేపుల సంగతి చెప్పాలి. అది ఒక్క రోజు కచేరీ, మళ్లీ అమ్ముకోబోమని కళాకారులకు మాట ఇచ్చారు. అధికారికంగా డీవీడీ వచ్చింది 2004లో. అంటే దాదాపు ఇరవై ఏళ్లు, ఆ ఇరవై ఒక్క నిమిషాలను బతికించింది ఆ సాయంత్రం ఇంట్లో టీవీకి వీసీఆర్ తగిలించి రికార్డు చేసుకున్న మామూలు మనుషులు. ఒకరి దగ్గర నుంచి ఒకరికి నకళ్లు వెళ్లాయి. నకలు మీద నకలు తీసేసరికి రంగులు కారిపోయి, గీతలు పడి, మాట బొంగురుపోయి ఉండేది. ఆ బొంగురు టేపుల మీదే ఎన్ని వాదనలు! ఏ పాట దగ్గర పియానో శబ్దం తగ్గింది, ఏ క్షణంలో సౌండ్ పెరిగింది. ఇవాళ శుభ్రంగా కడిగిన బొమ్మలో ఆ ప్రశ్నలకు జవాబులు వెతుక్కునేవారు, ఆ ప్రశ్నలు వేసిన మొదటి తరానికి రుణపడి ఉన్నారు.

ఆ నకళ్లు మన వైపుకూ వచ్చాయి. వీసీపీ అద్దెకు తెచ్చి తెల్లవార్లూ సినిమాలు చూసిన ఎనభైల తెలుగు ఇళ్లలో రాక్ కచేరీకి చోటు తక్కువే. తొంభైల్లో కేబుల్ టీవీ, ఆ తర్వాత ఇంజినీరింగ్ కాలేజీ హాస్టళ్లు, అక్కడ చేతులు మారిన క్యాసెట్లూ సీడీలూ ఈ సంగీతాన్ని మన కుర్రాళ్లకు చేర్చాయి. అమెరికా వెళ్లిన తరం అక్కడ దీన్ని కొత్తగా విన్నది. ఇప్పటి తరానికి తలుపు తెరిచింది 2018 నాటి సినిమా.

ఆ సినిమా మేలుతో పాటు ఒక హాని కూడా చేసింది. లైవ్ ఎయిడ్‌కు ముందే మెర్క్యురీకి తన జబ్బు తెలిసినట్టు, బృందానికి చెప్పినట్టు చూపించింది. బృందం విడిపోయి, ఏళ్ల తర్వాత ఆ రోజు కోసం కలుసుకున్నట్టు చూపించింది. రెండూ నిజం కాదు. 1985 మే నెలలో వాళ్లు జపాన్‌లో కలిసే కచేరీలు చేస్తున్నారు. మెర్క్యురీ సహచరుడు జిమ్ హటన్ తన పుస్తకంలో రాసిన ప్రకారం జబ్బు నిర్ధారణ అయింది 1987 ఏప్రిల్‌లో. పాత అభిమానులు ఈ మార్పుల మీద మండిపడితే సినిమా వాళ్లకు స్వేచ్ఛ ఉండదా అన్నారు చాలామంది. కానీ దీనివల్ల జరిగింది వేరు. సినిమా చూసి వెంబ్లీ వీడియో దగ్గరికి వచ్చిన కొత్త ప్రేక్షకుడు, ప్రతి పాటలోనూ చావు వెతకడం మొదలుపెట్టాడు.

‘హూ వాంట్స్ టు లివ్ ఫరెవర్’ పాటనే తీసుకోండి. వెంబ్లీలో మెర్క్యురీ దాన్ని పాడుతుంటే ఇవాళ ఎవరికైనా గొంతు పూడుకుపోతుంది. తన గురించే పాడుకున్నాడని చాలామంది నమ్మకం. ఆ పాట రాసింది బ్రయన్ మే. ‘హైలాండర్’ అనే సినిమా కోసం, చావు లేని ఒక యోధుడి కథ చూసి రాశారు. 1986 జూలైలో ఆ వేదిక మీద ఉన్నవారెవరికీ తర్వాతి కథ తెలియదు. బృందం విడిపోతోందన్న పుకార్లను శనివారం రాత్రి మెర్క్యురీ మైకులోనే కొట్టిపారేశారు. చచ్చేదాకా కలిసే ఉంటామన్న అర్థంలో మాట్లాడారు. ఆ మాట ఇప్పుడు వింటే ఒళ్లు జలదరిస్తుంది. ఆ రాత్రి అది పుకార్ల మీద విసురు, అంతే. అందరూ నవ్వారు.

ఈ విషయంలో మా మాట గట్టిగానే చెబుతాం. ఆయన చావును వీడియోలోకి మోసుకుపోవడం ఆయన పనికి చేసే అన్యాయం. తెర మీద ఉన్నది ముప్పై తొమ్మిదేళ్ల మనిషి, తన వృత్తిలో అన్ని మెలకువలూ తెలిసినవాడు, ఆరోగ్యంగా, ఆకలిగా, ఇంకా చాలా చేయాలనుకుంటున్నవాడు. ఆ ఆగస్టు 9న నెబ్‌వర్త్‌లో లక్షకు మించిన జనం ముందు పాడినది ఆయన క్వీన్‌తో చేసిన చివరి కచేరీ అవుతుందని ఎవరికీ తెలియదు. దాన్ని వెంబ్లీలా నిండుగా వీడియో తీయాలన్న ఆలోచన ఎవరికీ రాకపోవడానికి కారణం కూడా అదే: ఇంకా ఎన్నో వస్తాయనుకున్నారు. 1992 ఏప్రిల్ 20న అదే వెంబ్లీలో ఆయన సంస్మరణ కచేరీ జరిగింది. ఎయిడ్స్ బాధితుల కోసం ఆయన పేరుతో ట్రస్టు వచ్చింది. దుఃఖానికి ఆ చోటు ఉంది. 1986 శనివారం రాత్రిని సంతోషానికి వదిలేయాలి.

వీలు చేసుకుని చూడాలనుకునేవారికి మా సూచన. ముందు శుక్రవారం చూడండి, మర్నాడు శనివారం. తెలిసిన పాటల దగ్గరికి దూకకుండా మొదటి నుంచి చూడండి. మధ్యలో బృందం అప్పటికప్పుడు అల్లుకునే భాగం వస్తుంది, అది రెండు రాత్రుల్లో రెండు రకాలుగా ఉంటుంది, దాన్ని దాటేయకండి. ఫోన్ స్పీకర్‌లో బేస్ గిటార్ వినపడదు, జాన్ డీకన్ వాయించినది వినకపోతే ఆ కచేరీ సగం పోయినట్టే.

చివరిగా ఒక విన్నపం. అదే ఎనభైల్లో మన ఊళ్లలోనూ పందిళ్ల ముందు, ఆలయాల్లో, కల్యాణ మండపాల్లో కచేరీలు జరిగాయి. హరికథలు, పద్యనాటకాలు, ఆర్కెస్ట్రా రాత్రులు. గల్ఫ్ నుంచో సింగపూర్ నుంచో వచ్చిన బంధువుల కెమెరాతో కొన్నిటిని ఎవరో ఒకరు తీశారు. ఆ క్యాసెట్లు అటకల మీద ఉన్నాయి. టేపు మీది అయస్కాంత పూత తేమకు ఊడిపోతుంది, బూజు పడుతుంది. వాటిని ఆడించే యంత్రాలు కూడా దొరకడం లేదు. వీసీఆర్‌లు తయారుచేస్తూ వచ్చిన చివరి సంస్థ, జపాన్‌కు చెందిన ఫునాయ్, 2016 జూలైలోనే ఉత్పత్తి ఆపేసింది. అలాంటి క్యాసెట్ మీ ఇంట్లో ఉంటే ఈ ఏడాదే డిజిటల్‌లోకి మార్పించండి. ఎవరు పాడారో, ఏ ఊళ్లో, ఏ ఏడాదో పెద్దవాళ్లను అడిగి రాసి పెట్టండి. మార్చాక కూడా టేపును పారేయకండి.